గదిలోని గాలిని లెక్కగట్టిన కథ

గదిలో ఒక మూల అగరువత్తి వెలిగిస్తే కొంతసేపటికి ఆ వాసన గది అంతటా తెలుస్తుంది. ఇందులో వింత ఏమీ లేదని తోస్తుంది. కాని ఆ పొగ ఏ దారిన పోయింది, ముందుగా ఏ మూలకు చేరింది, ఎక్కడ ఎక్కువసేపు నిలిచింది, కిటికీ తెరిస్తే ఎంతసేపట్లో పోతుంది అని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పడం తేలిక కాదు. అగరువత్తికి బదులు కట్టెల పొయ్యి గాని, రోగి దగ్గు గాని, భూగర్భ రైల్వే స్టేషనులో రేగిన మంట గాని అయినప్పుడు ఈ ప్రశ్న మనుషుల ప్రాణాలతో ముడిపడుతుంది.

నూట అరవై ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు దీనికి రెండు విధాలుగా సమాధానం చెబుతూ వచ్చినారు. గదిలోని గాలి అంతా ఒక్కటే అనుకొని చెప్పినది మొదటిది. గదిని వేలకొలది చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని గాలిని వేరుగా లెక్కగట్టి చెప్పినది రెండవది. మొదటి దానికి కాగితమూ పెన్సిలూ చాలును; రెండవ దానికి కంప్యూటరు కావలసి వచ్చింది. రెండవది పుట్టగానే మొదటిది చచ్చిపోయిందని అనుకుంటే పొరపాటు. ఎక్కడ ఏది పనికి వస్తుందో తెలుసుకోవడంలోనే ఈ చరిత్ర చాలా భాగం గడిచింది.

మనుషులు కిక్కిరిసిన గదిలో తలనొప్పి, ఉక్కిరిబిక్కిరి ఎందుకు కలుగుతాయి? ప్రాణవాయువు తరిగిపోవడం వలన అని కొందరు, ఊపిరితో వెలువడే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, విషమగుట వలన అని మరికొందరు చెప్పేవారు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆచార్యుడుగా ఉన్న మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ వాదించడం మాని కొలవడం మొదలుపెట్టినాడు. బేరియం హైడ్రాక్సైడు వంటి క్షారద్రవం బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. తెలిసిన పరిమాణం గల గాలిని ఆ ద్రవంతో కలిపి, ద్రవం బలం ఎంత తగ్గిందో చూస్తే గాలిలో ఆ వాయువు ఎంత ఉన్నదో తేలుతుంది. జనం నిండిన గదులలో ప్రాణవాయువు తగ్గినది అత్యల్పమనీ, బొగ్గుపులుసు వాయువు పెరిగినా విషమయ్యేటంత పెరగదనీ ఈ కొలతల వలన తెలిసింది. అయినా ఆ వాయువును కొలవవలసిందే అని ఆయన అన్నాడు. ఎందుకంటే అది నేరస్థుడు కాకపోయినా సాక్షి. మనిషి శరీరం నుండి వచ్చే ఇతర మాలిన్యాలను కొలిచే సాధనాలు ఆనాడు లేవు. ఊపిరితో వచ్చే బొగ్గుపులుసు వాయువు వాటితోపాటే పెరుగుతుంది, వాటితోపాటే తగ్గుతుంది. అది వెయ్యి పాళ్ళకు ఒక పాలు మించితే గది వాసయోగ్యం కాదని 1858లో ప్రకటించిన గ్రంథంలో ఆయన నిర్ణయించినాడు. నేటికీ తరగతి గదులలో పది లక్షలకు వెయ్యి అని పెట్టుకునే గుర్తు అదే.

ఆ గ్రంథంలోనే గది గాలి మార్పిడిని లెక్కించే పద్ధతి కూడా ఉన్నది. గదిలో బొగ్గుపులుసు వాయువును బాగా పుట్టించి, పుట్టించడం ఆపి, గంట గంటకు ఎంత తగ్గుతున్నదో పెటెన్‌కోఫర్ చూచినాడు. ఆ తగ్గుదల నుండి ఎంత గాలి లోపలికి వచ్చినదో తేల్చడానికి గణితశాస్త్రజ్ఞుడైన లూట్‌విగ్ సైడెల్ ఒక సూత్రం కట్టి ఇచ్చినాడు. గదిలోనికి వచ్చిన కొత్తగాలి వెంటనే పాతగాలితో పూర్తిగా కలిసిపోతుందని అనుకుందాం. అప్పుడు బయటికి పోయే గాలిలో పాతదే కాక, ఇప్పుడే వచ్చిన కొత్తగాలి కూడా కొంత పోతుంది. కాబట్టి గది ఘనపరిమాణానికి సమానమైన కొత్తగాలి వచ్చిన తరువాత కూడా మాలిన్యంలో నూటికి 37 పాళ్ళు మిగిలే ఉంటాయి. రెండంతల గాలి వస్తే 13 లేక 14, మూడంతలు వస్తే 5 పాళ్ళు మిగులుతాయి. కుండలోని ఉప్పునీటిని, పోసిన మంచినీళ్ళు కలియబెడుతూ, అంచు మీదుగా పొర్లనిస్తే కలిగే ఫలితం ఇదే. విద్యార్థులు రేడియోధార్మిక పదార్థాల క్షయంలో చూచే వక్రరేఖా ఇదే.

పెటెన్‌కోఫర్ తన గదిలో తలుపు సందులు, కిటికీ సందులు కాగితాలతో అంటించి మళ్ళీ కొలిచినాడు. గాలి మార్పిడి తగ్గింది గాని, ఆయన అనుకున్నంతగా తగ్గలేదు. మిగిలిన గాలి ఇటుక గోడల రంధ్రాల గుండా వస్తున్నదని, గోడలు ఊపిరి తీస్తాయని ఆయన తీర్మానించినాడు. ఈ తీర్మానం తప్పని 20వ శతాబ్దిలో గోడలను నేరుగా పరీక్షించినప్పుడు తేలింది. గాలి వచ్చినది ఆయన కంటికి కనపడని ఇతర సందుల గుండానే. కొలత సరియైనదే, లెక్క సరియైనదే, దాని నుండి తీసిన అర్థం మాత్రం తప్పు. ఈ శాస్త్రంలో ఇటువంటిది మళ్ళీ మళ్ళీ కనపడుతుంది.

ఇంగ్లండులో నెట్లీ సైనిక వైద్య పాఠశాలకు చెందిన ఫ్రాన్సిస్ ద షోమాంట్ 1875లో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో ఈ లెక్కను ఇంకొక మెట్టు ముందుకు తీసుకుపోయినాడు. ఆయన వాడిన సాధనం ముక్కు. సైనికుల పడకగదులలోనికి, ఆసుపత్రులలోనికి బయటినుండి అప్పుడే వచ్చినవారు గాలి తాజాగా ఉన్నదా, మురిగి ఉన్నదా అని చెప్పాలి. అదే సమయంలో బొగ్గుపులుసు వాయువును కొలవాలి. మనుషుల ఊపిరి వలన చేరిన వాయువు పదివేల పాళ్ళకు 2 పాళ్ళు దాటితే ముక్కుకు తెలుస్తున్నదని ఆయన తేల్చినాడు. ఒక మనిషి గంటకు 0.6 ఘనపుటడుగుల బొగ్గుపులుసు వాయువు వదులుతాడని తీసుకుంటే, దానిని పదివేలకు రెండు పాళ్ళుగా పలుచన చేయడానికి కావలసిన గాలి 0.6ను 0.0002తో భాగించగా వచ్చే 3000 ఘనపుటడుగులు. మనిషికి గంటకు 3000, అనగా నిమిషానికి 50 ఘనపుటడుగులు అన్న మాట. తరగతిలో నల్లబల్ల మీద రెండు పంక్తులలో చేయదగిన ఈ భాగహారం ఎన్నో ఆసుపత్రుల, బడుల నిర్మాణాన్ని నిర్ణయించింది. బయటిగాలిలో ఈ వాయువు పదివేలకు 4 పాళ్ళు ఉన్నదని ఆయన అనుకున్నాడు. ఆనాడు నిజానికి ఉన్నది 3 పాళ్ళే. బొగ్గు, నూనె తగలబెట్టి తగలబెట్టి మానవజాతి ఆయన సంఖ్యను నేటికి నిజం చేసింది. ఇప్పుడు 4 దాటింది.

ఇంతవరకు గది ఒక కుండ. కుండలోని నీరు ఎక్కడ ముంచినా ఒకటే అన్నది మూలమైన ఊహ. నిజమైన గదిలో ఇది ఎంతవరకు నిజం? తలుపు దగ్గర కూర్చున్నవానికి చల్లగా తగిలే గాలి మూలలో కూర్చున్నవానికి తగలదు. వేడెక్కిన పొగ పైకప్పు క్రింద పొరలాగ నిలుస్తుంది. నేలమీద పడుకున్న పిల్లవానికి అది చేరకపోవచ్చు. ఈ తేడాలు చెప్పాలంటే గాలి ఎట్లు కదులుతుందో తెలియాలి.

గాలి కదలికకు సమీకరణాలు లేకపోలేదు. ఫ్రాన్సులో నావియే 1822లోను, ఇంగ్లండులో స్టోక్స్ 1845లోను వ్రాసిన సమీకరణాలు నీటికీ గాలికీ కూడా వర్తిస్తాయి. న్యూటను సూత్రాన్ని, బలం వలన వేగం మారుతుందన్న దానిని, ప్రవాహంలోని ప్రతి బిందువుకూ వర్తింపజేస్తే వచ్చేవి ఇవే. చిక్కు ఎక్కడ ఉన్నదంటే, గాలి పొగను మోసుకుపోయినట్లే తన వేగాన్ని కూడా తానే మోసుకుపోతుంది. అందువలన తెలియని రాశిని తెలియని రాశితోనే గుణించవలసి వస్తుంది. కొద్దిపాటి సులభ సందర్భాలకు తప్ప ఈ సమీకరణాలకు కాగితం మీద సాధన దొరకదు. పైగా 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలో రంగునీటి దారను పంపి చూపించినట్లు, వేగం ఒక హద్దు దాటగానే తిన్ననైన దార చెదరి సుడులుగా విరిగిపోతుంది. గదులలోని గాలి దాదాపు ఎప్పుడూ ఈ సుడుల స్థితిలోనే ఉంటుంది. పెద్ద సుడిలో చిన్న సుడి, దానిలో ఇంకా చిన్న సుడి, చివరకు మిల్లీమీటరు పరిమాణం దాకా.

సాధన దొరకనప్పుడు అంకెలతో దగ్గర దగ్గరగా తీయవచ్చునని చూపిన సాహసి లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన ఉద్దేశం గదికాదు, వాతావరణం. భూమిపైని గాలిని గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోని పీడనం, వేగం పక్క గళ్ళను బట్టి ఎట్లు మారుతాయో అంచెలంచెలుగా లెక్కించాలని 1922లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు దళంలో పనిచేస్తూ, 1910 మే 20వ తేదీ వాతావరణానికి ఆరు గంటల మార్పును చేతితో లెక్కించినాడు. పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని లెక్క చెప్పింది. ఆ రోజు నిజంగా మార్పు దాదాపు లేనేలేదు. ఇంత ఘోరంగా తప్పిన లెక్కను దాచకుండా అచ్చువేయించడం ఆయన గొప్పతనం. వాతావరణం కన్న వేగంగా లెక్కించాలంటే 64,000 మంది గణకులు ఒక పెద్ద మందిరంలో కూర్చొని పనిచేయాలని ఆయన ఊహించినాడు. ఇంగ్లీషులో ఆనాడు కంప్యూటరు అంటే లెక్కలు చేసే మనిషే.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ మనుషుల స్థానంలో యంత్రం వచ్చింది. అమెరికాలో అణ్వాయుధాల కోసం నెలకొల్పిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ హార్లో బృందం 1950 దశకం చివరినుండి ద్రవప్రవాహాలను గళ్ళ పద్ధతిలో యంత్రం మీద లెక్కించడానికి ఉపాయాలు కనిపెట్టింది. 1965లో హార్లో, వెల్ష్ ప్రకటించిన పద్ధతిలో పీడనాన్ని గడి మధ్యలోను, వేగాలను గడి అంచులలోను ఉంచి లెక్క చేస్తారు. చూడడానికి చిన్న ఏర్పాటు. కాని దీని వలన లెక్క అర్థంలేని ఊగిసలాటలలో పడకుండా నిలిచింది.

ఈ పనిని ఇంజనీర్లందరికీ అందుబాటులోకి తెచ్చినది లండనులోని ఇంపీరియల్ కళాశాలలో బ్రయన్ స్పాల్డింగ్ ఆధ్వర్యాన సాగిన పరిశోధన. పూనాలో ఇంజనీరింగు, బొంబాయి ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివి అక్కడికి వెళ్ళిన సుహాస్ పతంకర్ 1972లో స్పాల్డింగ్‌తో కలిసి ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. దాని సారాంశం సామాన్యులకు కూడా అర్థం కాగలదు. గదిలోని పీడనాన్ని మొదట ఊహించాలి. ఆ పీడనం వలన కలిగే వేగాలను లెక్కించాలి. ఇప్పుడు ప్రతి గడిని తనిఖీ చేయాలి: లోపలికి వచ్చిన గాలి ఎంత, బయటికి పోయిన గాలి ఎంత? రెండూ సమానం కాకపోతే ఊహ తప్పు. గాలి ఎక్కువగా చేరిన గడిలో పీడనాన్ని కాస్త పెంచి, తక్కువైన చోట తగ్గించి, మళ్ళీ మొదటినుండి లెక్కించాలి. జమాఖర్చులు సరిపడే వరకు కిరాణా కొట్టు గుమాస్తా పద్దులు తిరగవేసినట్లు, ప్రతి గడి పద్దు సరిపడే వరకు యంత్రం ఈ పని వందలసార్లు చేస్తుంది. గాలి కదలిక తేలిన తరువాత అందులో పొగను వదలి, అది గడినుండి గడికి ఎట్లు పోతుందో అదే విధంగా లెక్కిస్తారు.

సుడుల మాట ఏమిటి? మిల్లీమీటరంత సుడిని పట్టుకోవాలంటే చిన్న గదికి కూడా వేల కోట్ల గళ్ళు కావాలి. ఆ శక్తి 1970 దశకంలో ఏ యంత్రానికీ లేదు. అందుచేత సుడులను విడివిడిగా లెక్కించకుండా, వాటి మొత్తం శక్తి ఎంత, ఆ శక్తి ఏ వేగంతో అణగిపోతుంది అన్న రెండు రాశులను మాత్రమే లెక్కించే ఉపాయాన్ని లాండర్, స్పాల్డింగ్ 1974లో స్థిరపరచినారు. ఇందులోని స్థిరాంకాలు సిద్ధాంతం నుండి వచ్చినవి కావు, ప్రయోగాలతో సరిచూచి ఎన్నుకున్నవి. యంత్రం ముద్రించే అంకెలలో ఎన్ని దశాంశాలున్నా, వాటి అడుగున ఈ అంచనా ఉన్నదని మరచిపోరాదు.

అదే 1974లో డెన్మార్కులో పీటర్ నీల్సన్ తన డాక్టరేటు వ్యాసంలో ఈ పద్ధతులను శీతలీకరించిన గదికి అన్వయించినాడు. గది గాలిని కంప్యూటరుతో లెక్కించిన చరిత్రను సాధారణంగా ఇక్కడినుండే మొదలుపెడతారు. ఆయన గది ఒక పొడవైన పెట్టె: ఒక గోడకు పైకప్పు క్రింద సన్నని చీలికగుండా గాలి వస్తుంది, ఎదుటి గోడ అడుగున బయటికి పోతుంది. వచ్చిన గాలి పైకప్పును అంటుకొని పరుగెత్తి, ఎదుటి గోడను తాకి దిగి, నేలమీదుగా వెనుకకు తిరిగి వస్తుంది. గదిలో కూర్చున్న మనిషికి తగిలేది కిటికీ నుండి నేరుగా వచ్చిన గాలి కాదు, గదంతా చుట్టి వెనుకకు వస్తున్న గాలి. 1978లో నీల్సన్, రెస్టీవో, విట్‌లా అటువంటి పెట్టె నమూనాలో లేసరు కిరణాలతో గాలి వేగాన్ని చోటుచోటునా కొలిచి, లెక్కతో పోల్చి చూపినారు. ఈ కొలతలు నేటికీ కొత్త ప్రోగ్రాములకు పరీక్షాపత్రంగా ఉపయోగపడుతున్నాయి.

ఈ లెక్కలకు అప్పుడే గిరాకీ రావడానికి కారణం 1973 నాటి చమురు సంక్షోభం. వేడిచేసిన గాలిని బయటికి వదలడం డబ్బు వదలడమే అయింది. కట్టడాల సందులు మూసివేసినారు. అమెరికా ఇంజనీర్ల ప్రమాణం 1981లో, పొగత్రాగని చోట్ల, మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల గాలి చాలునన్నది. ద షోమాంట్ చెప్పినది 50 అని చదువరులకు జ్ఞాపకం ఉండవచ్చు. కొత్త కార్యాలయాలలో కళ్ళమంట, తలనొప్పి ఫిర్యాదులు పెరిగినవి. 1989లో ఆ సంఖ్యను 15కు పెంచవలసి వచ్చింది. ఉన్న కాస్త గాలిని మనుషుల ముక్కు దగ్గరకు ఎట్లు చేర్చాలన్నది ఈ దశలో పెద్ద ప్రశ్న అయింది. స్వీడనులో మాట్స్ సాండ్‌బర్గ్ 1981లో గాలికి వయస్సును లెక్కించే పద్ధతిని వివరించినాడు. గదిలోనికి ప్రవేశించి ఎంతసేపయినదో ఆ కాలమే గాలి వయస్సు. ఒకే గదిలో కిటికీ పక్కన పసిగాలి, బీరువా వెనుక ముసలిగాలి ఉంటాయి. గది అంతా ఒకే కుండ అన్న ఊహకు ఇంతకన్న చక్కని జవాబు మరొకటి రాలేదు.

కంప్యూటరు లెక్కను నిపుణులే నమ్మని సందర్భం ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1987 నవంబరు 18వ తేదీ సాయంకాలం లండనులోని కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషనులో, కదిలే మెట్ల క్రింద చిన్న మంట పుట్టింది. ఆ మెట్లు చెక్కవి, ముప్పై డిగ్రీల వాలులో ఉన్నవి. మొదట చూచినవారికి అది అట్టపెట్టె తగలబడుతున్నంత మంటగా కనిపించింది. పావుగంట గడిచేసరికి మంట ఒక్కసారిగా పైనున్న టిక్కెట్ల హాలులోనికి ఎగదన్నింది. 31 మంది చనిపోయినారు. ఇంత చిన్న మంట అంత హఠాత్తుగా ఎట్లు పెరిగింది? విచారణ సంఘం తరఫున హార్వెల్ అణుశక్తి ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు ఆ సొరంగాన్ని గళ్ళుగా విభజించి, వేడిగాలి కదలికను కంప్యూటరుతో లెక్కించినారు. వేడిగాలి నిటారుగా పైకి లేచి సొరంగం కప్పువెంట పోతుందని అందరూ ఎదురుచూచినారు. లెక్క అట్లు చెప్పలేదు. మెట్లకు రెండు పక్కల గోడలుండడం వలన వేడివాయువులు ఆ కాలువలోనే పడుకొని, మెట్లను అంటుకొని పైకి పాకినవని చెప్పింది. ప్రోగ్రాములో తప్పు ఉండి ఉంటుందని సందేహించినవారున్నారు. అప్పుడు మూడవ వంతు పరిమాణంలో మెట్ల నమూనా కట్టి నిప్పంటించినారు. కొన్ని నిమిషాలలో మంట వంగి కాలువలో పడుకున్నది. అడుగున ఉన్న చెక్కను ముందుగానే కాగబెట్టి, పైకొస వరకు ఒక్క ఊపున పాకింది. అంతకుముందు ఎవరూ పేరుపెట్టని ఒక భౌతిక ధర్మాన్ని లెక్క ముందుగా చూపింది, ప్రయోగం తరువాత ఒప్పుకున్నది. కుండ నమూనా ఎంత జాగ్రత్తగా వాడినా ఈ సంగతి చెప్పజాలదు. కుండకు వాలు లేదు, పక్కగోడలు లేవు.

రోగవ్యాప్తి విషయంలో మాత్రం కుండ నమూనా చాలాకాలం ఏలింది. దగ్గు తుంపరలలో చిన్నవి నేలరాలకముందే ఎండిపోయి, వాటిలోని క్రిములు గాలిలో తేలియాడగలవని 1934లో అమెరికాలో విలియం వెల్స్ చూపినాడు. ఆయన శిష్యుడైన రిచర్డ్ రైలీ తరువాత బాల్టిమోరులోని ఒక క్షయరోగుల వార్డునుండి బయటికి పోయే గాలిని గినీపందులకు పీల్పించి, అవి క్షయ బారిన పడటం చూపినాడు. 1974లో న్యూయార్కు రాష్ట్రంలో రోచెస్టరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో తట్టు వ్యాధి సోకింది. మొదట జబ్బుపడినది రెండవ తరగతి బాలిక. ఆమె నుండి 28 మంది పిల్లలకు సోకింది, వారు 14 వేర్వేరు తరగతి గదులలోనివారు. ఆమెతో ఎన్నడూ ఒకే గదిలో కూర్చోని పిల్లలు అందులో ఉన్నారు. వాడిన గాలినే మళ్ళీ అన్ని గదులకు పంపే యంత్రం రోగాన్ని కూడా పంచిపెట్టింది. రైలీ, సహచరులు 1978లో దీనిని విశ్లేషించి ఒక సూత్రం ఇచ్చినారు. సోకడానికి చాలిన మోతాదును వెల్స్ క్వాంటం అన్నాడు. గదిలోనివారు సగటున ఒక్కొక్క మోతాదు పీలిస్తే నూటికి 63 మందికి సోకుతుంది, 37 మంది తప్పించుకుంటారు. సైడెల్ సూత్రంలో మిగిలిపోయిన 37 పాళ్ళే ఇక్కడ మళ్ళీ కనపడుతున్నాయి. రెండు చోట్లా అదే వక్రరేఖ.

ఆ సూత్రం బడికి సరిపోయింది, కారణం యంత్రం నిజంగానే గాలినంతా కలిపివేస్తున్నది. 2003లో హాంకాంగులోని అమాయ్ గార్డెన్స్ అనే ఎత్తయిన నివాస భవనాలలో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకినప్పుడు అది సరిపోలేదు. ఎండిపోయిన నీటిగొట్టం వంపులగుండా, స్నానపు గదుల ఫ్యానులు మురుగుగొట్టంలోని సూక్ష్మ తుంపరలను లోపలికి లాగినవనీ, అవి భవనాల నడుమ ఇరుకు సందులో వెచ్చని తేమగాలితో పైకి లేచి ఇతర అంతస్తులకు చేరినవనీ కంప్యూటరు లెక్కలు సూచించినవి. రోగులు ఎక్కువగా ఉన్న అంతస్తులు, దిక్కులు ఆ లెక్కతో సరిపోయినవి.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 2020 జనవరి 24న ఒక భోజనశాలలో జరిగినది ఇంకా స్పష్టం. పక్కపక్కనే మూడు బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాలలో 10 మందికి కోవిడ్ తేలింది. మిగతా బల్లలవారికి, వడ్డించినవారికి సోకలేదు. తరువాత శాస్త్రజ్ఞులు అదే గదిలో జాడ తెలిపే వాయువును వదలి కొలిచినారు, కంప్యూటరుతో లెక్కించినారు. బయటినుండి వచ్చిన గాలి మనిషికి సెకనుకు సుమారు ఒక లీటరు మాత్రమే. ద షోమాంట్ సంఖ్యను ఇదే కొలతలోనికి మార్చితే 24 లీటర్లు. పైగా గది చల్లబరిచే యంత్రం ఊదిన గాలి ఆ మూడు బల్లలను చుట్టి తిరిగి యంత్రంలోనికే పోతున్నది. ఆ మూడు బల్లలు ఒక కుండ, మిగతా గది మరొక కుండ అయినవి. గాలి చాలకపోవడం కుండ లెక్క చెప్పగలదు. ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అన్నది గళ్ళ లెక్క మాత్రమే చెప్పగలిగింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివాసేతర గదులకు మనిషికి సెకనుకు 10 లీటర్లు ఉండాలని సూచించింది.

ఇంతటి శక్తి వచ్చిన తరువాత కుండ లెక్కతో పని ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. మన వంటగదులు ఆ ప్రశ్నకు సమాధానం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాదు, వరంగల్, రంగారెడ్డి జిల్లాలలో (ఇవి 2014 నుండి తెలంగాణలో ఉన్నవి) 420 పల్లె ఇండ్లలో పొగరేణువులను కొలిచిన ఫలితాలు 2004లో ప్రకటితమైనవి. గ్యాసు వాడే ఇండ్లలో 24 గంటల సగటు ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలవంటి ఘన ఇంధనాలు వాడే ఇండ్లలో అది 732 వరకు ఉన్నది. ఇంధనం ఏది, వంటగది ఎటువంటిది, ఎక్కడ ఉన్నది, పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చున్నారు అన్నవాటిని బట్టి ఎవరు ఎంత పొగ పీలుస్తున్నారో అంచనా కట్టవచ్చునని తేలింది. పదిరెట్ల తేడా కొలవడానికి సుడుల సంగతి తెలియనవసరం లేదు. కోట్ల వంటగదులలో ఒక్కొక్కదానిని గళ్ళుగా కోసి లెక్కించడం ఏ కంప్యూటరుకూ తగిన పని కాదు. కప్పు, కిటికీ, తడిక ఏ రెండిండ్లకూ ఒకటి కావు.

అందువలన పొయ్యి నిమిషానికి ఎంత పొగ వదిలితే ఫరవాలేదో 2014లో నిర్ణయించవలసి వచ్చినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్ళీ ఒక్క కుండ నమూనానే వాడింది. అయితే ఒక మార్పుతో వాడింది. వంటగది పరిమాణం, గంటకు గాలి మార్పిడి, వంటచేసే కాలం ఇండ్లను బట్టి ఎంతో మారుతాయి గనుక, చీట్లు తీసినట్లు ఆ సంఖ్యలను యాదృచ్ఛికంగా తీస్తూ కంప్యూటరు చేత వేలకొలది ఊహా వంటగదులకు లెక్క కట్టించినారు. పొగగొట్టం లేని పొయ్యి నిమిషానికి 0.23 మిల్లీగ్రాములకు, పొగగొట్టం ఉన్నది 0.80 మిల్లీగ్రాములకు మించి సూక్ష్మరేణువులను వదలకపోతే నూటికి 90 ఇండ్లలో గాలి పరిమితిలో ఉంటుందని తేలింది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సరిచూడవచ్చు. 30 ఘనమీటర్ల వంటగదిలో గంటకు 15 సార్లు గాలి మారితే వచ్చే గాలి 450 ఘనమీటర్లు. నిమిషానికి 0.23 మిల్లీగ్రాములంటే గంటకు 13,800 మైక్రోగ్రాములు. భాగిస్తే పొయ్యి మండుతున్నంతసేపు ఘనమీటరుకు సుమారు 31. రోజుకు నాలుగు గంటలు వండితే రోజంతటి సగటు 5 అవుతుంది. గాలి గంటకు 5 సార్లు మాత్రమే మారే గదిలో ఇది మూడింతలు అవుతుంది. ఆనాడు పరిమితి ఘనమీటరుకు 10 మైక్రోగ్రాములు. 2021లో దానిని 5కు తగ్గించినారు.

ఈ భాగహారంలో బయటినుండి వచ్చే గాలిలో పొగ లేదన్న ఊహ దాగి ఉన్నది. ద షోమాంట్ బయటిగాలికి 4 పాళ్ళు ముందే తీసివేసినాడు. ఊరిలో అన్ని ఇండ్లలోను ఒకే వేళకు పొయ్యిలు వెలిగేచోట పొగగొట్టం ఒక ఇంటినుండి పంపించినది పక్క ఇంటి కిటికీలోనికి కొత్తగాలిగా వస్తుంది. గ్యాసు పొయ్యి ఉన్న ఇంటిలో కూడా 73 మైక్రోగ్రాములు కొలతకు రావడంలో దాని పాలు ఎంత అని లెక్కించాలంటే ఒక వంటగది చాలదు, వీధి మొత్తాన్ని లెక్కలోనికి తీసుకోవాలి.